జరీ దారం మిషను మీద ఎందుకు తెగుతుంది, దానితో బొంత కుట్టడం ఎలా

గుంటూరు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వారి అమ్మగారి పాత పట్టుచీరలు, మంగళగిరి నూలు చీరలు కొన్ని ఉన్నాయి. వాటిని ముక్కలుగా కోసి, అతికి, కూతురి పెళ్లికి సారెలో పెట్టడానికి మంచం మీద పరిచే బొంత ఒకటి తయారు చేస్తున్నారు. పైన చీర ముక్కల గుడ్డ, నడుమ పాలిస్టర్ దూది, అడుగున నూలు గుడ్డ పెట్టి, ఇంట్లో ఉన్న ఆటోమేటిక్ మిషను మీద బంగారు రంగు జరీ దారంతో మూడింటినీ కలిపి కుట్టబోతే జానెడు దూరం సాగకుండానే దారం తెగిపోతోంది. టెన్షన్ (దారం బిగువు) పెంచి చూశారు, కొత్త సూది వేసి చూశారు, ఫలితం లేదు. దగ్గరలోని టైలరు గారేమో జరీ దారం మగ్గం వర్కుకు (చట్రానికి బిగించిన గుడ్డ మీద చేత్తో చేసే ఎంబ్రాయిడరీకి) తప్ప మిషనుకు పనికిరాదని తేల్చేశారట.

అమ్మా, టైలరు గారి మాటలో సగం నిజం ఉంది. మీరు చెప్పిన గుర్తులను బట్టి మీ చేతిలో ఉన్నది మగ్గం వర్కు వారు వాడే దారమే కాబట్టి, దానిని సూదిలో ఎక్కించి కుట్టాలంటే మీకు కష్టమే. అయితే మిషను కోసమే తయారైన జరీ దారం వేరే ఉంది; మీ దగ్గరున్న దారాన్ని కూడా మిషను మీదనే, సూదిలో కాకుండా మరో చోట పెట్టి వాడుకునే పద్ధతి ఉంది. రెండూ చెబుతాను. ముందుగా టెన్షన్ సంగతి: దారం తెగుతున్నదని టెన్షన్ బిగించడం ఈ దారం విషయంలో అసలు చేయకూడని పని.

జరీ దారం అనే ఒక్క పేరుతో మన బజారులో నాలుగు రకాల సరుకు అమ్ముతారు. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత చుట్టుపక్కల దుకాణాలలో అయినా, గుంటూరు పట్నం బజారులో అయినా, "జరీ దారం ఇవ్వండి" అని మాత్రమే అడిగితే ఏది చేతికి వస్తుందో చెప్పలేము. మొదటిది నేతగాళ్లు వాడే జరీ. పట్టు లేదా నూలు పోగు చుట్టూ, సన్నగా సాగదీసి చదును చేసిన వెండి తీగను చుట్టి, దానికి బంగారు పూత పెడితే అది అసలు జరీ. వెండికి బదులు రాగి తీగ వాడితే నకిలీ జరీ. ఈ పనికి సూరత్ పేరు పొందిన ఊరు. ఇది నేత మగ్గం మీద పేకగా (అడ్డ పోగుగా) నడవడానికి పుట్టిన దారం గనుక మిషను సూదిలో నిలబడదు. రెండవది మగ్గం వర్కుది: రెండు మూడు పోగులు కలిపి మెత్తగా, వదులుగా పేనిన దారం. మూడవది మిషను ఎంబ్రాయిడరీకి ఉద్దేశించినది. పాలిస్టర్, నైలాన్ లేదా విస్కోస్ పోగు చుట్టూ, అల్యూమినియం పూత గల పాలిస్టర్ పొరను సన్నని పట్టీగా కోసి గట్టిగా చుడతారు. నాలుగవది లోపల పోగు లేకుండా ఆ మెరిసే పట్టీ ఒక్కటే రీలుకు చుట్టి ఉండేది. దీని మెరుపు అన్నిటికంటే ఎక్కువ, పెంకితనమూ ఎక్కువే.

కొనే ముందు దుకాణంలోనే ఒక పరీక్ష చేయవచ్చు. బారెడు దారం విప్పి, బొటనవేలి గోటికీ చూపుడు వేలికీ మధ్య పట్టి ఒకే దిశలో నాలుగైదు సార్లు గట్టిగా లాగండి. మెరుపు పొర గోటి ముందు ముడతలు పడి కుప్పగా చేరి, వెనక లోపలి తెల్ల పోగు బయటపడితే ఆ దారం సూదికి పనికిరాదు. పొర కదలకుండా ఉంటే, ఆ బారెడు దారాన్ని ఒక కొస పట్టుకుని వేలాడదీయండి. అది మెలికలు తిరిగి తనకు తాను చుట్టుకుపోకుండా దాదాపు నిటారుగా వేలాడితే నిశ్చింతగా తీసుకోవచ్చు. దుకాణదారు విసుక్కోవచ్చు గాని, బొంత మధ్యలో మనం విసుక్కోవడం కంటే అది మేలు. మదీరా, సల్కీ వంటి విదేశీ రకాలలో నలభై నంబరు జరీ ఈ పరీక్షకు నిలుస్తుంది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యూనిట్లకు సరుకు పోసే దుకాణాలలో మన దేశపు రకాలు తక్కువ ధరకే దొరుకుతాయి, వాటిలోనూ మంచివి ఉన్నాయి. పేరును కాక గోటి పరీక్షను నమ్మండి.

ఇప్పుడు తెగడానికి అసలు కారణం. మిషను ఒక్క కుట్టు వేయడానికి మూడు మిల్లీమీటర్ల దారం చాలు అనుకుంటాము. అయితే పై దారం ఉచ్చుగా మారి అడుగున ఉన్న బాబిన్ కేసు (అడుగు దారం చుట్టిన బాబిన్ కూర్చునే గూడు) చుట్టూ పూర్తిగా తిరిగి రావాలి కాబట్టి, ప్రతి కుట్టుకూ కొన్ని అంగుళాల దారం సూది బెజ్జం గుండా కిందికి దిగుతుంది. టేకప్ లివర్ (పై దారాన్ని పైకి లాగే మీట) పైకి లేచినప్పుడు అందులో అధిక భాగం మళ్లీ అదే బెజ్జం గుండా పైకి వస్తుంది. కుట్టులో ఖర్చయ్యేది కొద్దిగానే గనుక, దారంలో ఏ బిందువును తీసుకున్నా అది గుడ్డలో స్థిరపడే లోపల పదుల సార్లు బెజ్జంలో కిందికీ పైకీ రుద్దుకుంటుంది. నూలు దారం, పాలిస్టర్ దారం ఈ రాపిడిని లెక్కచేయవు. జరీ దారంలో మాత్రం పైపొర వేరు, లోపలి పోగు వేరు. రాపిడి పెరిగితే, జడకు చుట్టిన రిబ్బను జారి ఒక దగ్గర పోగుపడినట్టు పైపొర జారి బెజ్జం పైన కుప్పగా చేరుతుంది. ఆ కుప్ప బెజ్జంలో పట్టదు. తరువాతి కుట్టుకు దారం తెగుతుంది. టెన్షన్ బిగిస్తే రాపిడి పెరుగుతుంది, మొదటి తెగుడు ఇంకా తొందరగా వస్తుంది.

కనుక దారం తెగిన ప్రతిసారీ వెంటనే సూదిలో ఎక్కించి మళ్లీ మొదలుపెట్టవద్దు. తెగిన కొసను ముదురు రంగు గుడ్డ మీద పెట్టి, వెలుతురులో, వీలైతే భూతద్దంతో చూడండి. తప్పు ఎక్కడ ఉన్నదో ఆ కొసే చెబుతుంది. పైపొర వెనక్కి జరిగి చిన్న ఉండలాగా చేరి, కొసన తెల్ల పోగు మాత్రం మిగిలి ఉంటే తప్పు సూది దగ్గర ఉంది: బెజ్జం చిన్నది, లేదా సూది అరిగింది, లేదా టెన్షన్ ఎక్కువైంది. కొస బాగానే ఉండి, దానికి పైన సూదికీ రీలుకూ మధ్య దారం పాత టెలిఫోను తీగలాగా మెలికలు పడి ఉంటే తప్పు రీలు దగ్గర, అంటే దారం విప్పుకునే తీరులో ఉంది. కత్తిరించినట్టు నున్నగా తెగి ఉంటే సూది పలక రంధ్రం అంచుకో, అడుగున దారాన్ని పట్టే షటిల్ కొక్కేనికో గీరుడు ఉన్నట్టు. పాత సూది విరిగి తగిలిన మిషన్లలో ఇది మామూలే. ఆ రంధ్రం అంచు చుట్టూ మెత్తని దూదిపింజను తిప్పి చూస్తే పోగు ఎక్కడ తగులుకుంటుందో అక్కడే గీరుడు ఉంటుంది; మెకానిక్కు చేత సన్నని ఎమెరీ కాగితంతో నున్న చేయించాలి.

సూది విషయంలో పొదుపు చేయవద్దు. మామూలు పద్నాలుగు నంబరు సూది బెజ్జం ఈ దారానికి ఇరుకు. జరీ కోసం ప్రత్యేకంగా చేసిన సూదులలో బెజ్జం పొడవుగా, లోపల నున్నగా ఉంటుంది. ష్మెట్జ్ వారి మెటాలిక్ సూది అలాంటిదే. అది దొరకకపోతే టాప్‌స్టిచ్ సూది 90/14 అంతే బాగా పనిచేస్తుంది, దారం మందంగా ఉంటే 100/16 తీసుకోండి. ఇవి పిడి ఒక పక్క చదునుగా ఉండే ఇంటి మిషన్లకు సరిపోయేవి. జూకీ, జాక్ వంటి ఫ్యాక్టరీ మిషన్లకు గుండ్రని పిడి సూదులు కావాలి కాబట్టి ప్యాకెట్టు కొనేటప్పుడు మీ మిషను సూది ఒకటి వెంట తీసుకువెళ్లండి. మంచి సూది కూడా జరీ రాపిడికి లోపల గరుకెక్కుతుంది. ఒక రోజంతా కుట్టిన సూదిని మర్నాడు జరీకి వాడకుండా మామూలు కుట్టుకు పెట్టుకోవడం నాకు అలవాటు.

రీలు పెట్టే తీరును చాలామంది పట్టించుకోరు. మీ ఆటోమేటిక్ మిషనులో రీలు కడ్డీ అడ్డంగా ఉండి ఉంటుంది. దాని మీద పెట్టిన రీలు తిరగదు, దారం కొస మీదుగా జారి వస్తుంది, చుట్టు చుట్టుకూ ఒక మెలిక చేరుతుంది. జరీ దారానికి, ముఖ్యంగా పట్టీ రకానికి, రీలు నిలువు కడ్డీ మీద తిరుగుతూ దారాన్ని పక్క నుంచి వదలాలి. చాలా మిషన్లతో పాటు అదనపు నిలువు కడ్డీ ఇస్తారు, పెట్టెలో వెదికి చూడండి. దారం పెద్ద కోను మీద ఉంటే మాత్రం అది తిరగనవసరం లేదు. మిషను వెనక మూరెడు దూరంలో ఒక స్టీలు గ్లాసులో నిలబెట్టి, దారాన్ని పైకి తీసి మిషనులోకి పంపితే ఆ దూరంలోనే మెలికలు సర్దుకుంటాయి. సూదికి ఆనుకుని పైన ఉండే చివరి దారపు కొక్కేన్ని వదిలేసి నేరుగా సూదిలో ఎక్కించినా చాలా మిషన్లలో కుట్టు చెడదు, ఒక రాపిడి తగ్గుతుంది. ఇంకొకటి, సీలింగు ఫ్యాను. మన ఎండలకు ఫ్యాను ఆపి కుట్టమని ఎవరికీ చెప్పలేను గాని, ఈ తేలిక దారం గాలికి ఎగిరి కడ్డీ మొదట్లో చుట్టుకుంటే తెగిన కారణం ఎంతకూ అర్థం కాదు. మిషనును ఫ్యాను కింద నుంచి పక్కకు జరపండి.

దారం ఎక్కించేటప్పుడు ప్రెజర్ ఫుట్ (గుడ్డను నొక్కి పట్టే పాదం) పైకి ఎత్తి ఉంచాలి. అప్పుడే టెన్షన్ బిళ్లలు విచ్చుకుని దారం వాటి మధ్యకు దిగుతుంది. ఎక్కించిన తరువాత ఫుట్ దించి, టెన్షన్ డయలును నాలుగు నుంచి రెండుకు, అవసరమైతే ఒకటికి తగ్గించండి. పై దారం అడుగు వైపుకు కొద్దిగా జారి చిన్న చుక్కలుగా కనిపించే దాకా తగ్గించి, అక్కడి నుంచి కొంచెం పెంచితే సరైన చోటు దొరుకుతుంది. సూదిలో జరీ ఉన్నప్పుడు బాబిన్‌లో కూడా జరీ పెట్టవద్దు, మామూలు నూలు దారమూ వద్దు. అరవై నంబరు సన్నని పాలిస్టర్ దారం, అడుగు గుడ్డ రంగుకు దగ్గరగా ఉన్నది చుట్టండి. అడుగు దారం నున్నగా, సన్నగా ఉంటే పై దారం మీద దాని లాగుడు తక్కువ. కుట్టు పొడవు మూడున్నర మిల్లీమీటర్లు, నాలుగైనా పెట్టవచ్చు. పొడవైన కుట్టుకు అందం ఒక్కటే కారణం కాదు. అదే దూరానికి కుట్ల సంఖ్య తగ్గితే దారం బెజ్జంలో తిరిగే సార్లూ తగ్గుతాయి. పైగా జరీ మెరుపు పొడవైన కుట్టులోనే కనబడుతుంది, పొట్టి కుట్టులో అది ఇసుక చల్లినట్టు అయిపోతుంది. వేగం నిదానంగా, ముఖ్యంగా ఒకే తీరుగా ఉండాలి. ఆగి ఆగి, హఠాత్తుగా పెడలు నొక్కినప్పుడే ఎక్కువ సార్లు తెగుతుంది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యూనిట్ల వారు కూడా జరీ వచ్చేసరికి మిషనును నిమిషానికి ఆరువందల కుట్ల లోపుకు దించుతారు.

ఇంతవరకు మిషను సంగతి. బొంత సంగతి వేరుగా ఆలోచించాలి, ఎందుకంటే ఒంటి పొర గుడ్డ మీద చక్కగా నడిచిన దారం మూడు పొరల మీద మొరాయించడం సహజం. మీరు వేసిన పాలిస్టర్ దూది బాగా ఉబ్బుగా ఉండి ఉంటే సూది పైకి వచ్చేటప్పుడు గుడ్డను కూడా కొంత పైకి లేపుతుంది, కుట్టు తప్పుతుంది, దారం వదులై మెలికపడి తెగుతుంది. గుంటూరులో ఆ ఉబ్బు దూది బొంత కప్పుకునే రోజులు ఏడాదికి ఎన్ని ఉంటాయో మీకే తెలుసు. దానిని తీసివేసి పల్చని నూలు దూది పరచండి. లేదా మన పెద్దవాళ్లు బొంతలకు చేసినట్టు మెత్తబడిన పాత నూలు చీరను రెండు మడతలుగా నడుమ పెట్టండి. పొరలు జరగకుండా బెత్తెడు దూరానికి ఒక పిన్నీసు చొప్పున బొంతంతా గుచ్చుకోవాలి.

తరువాత ముఖ్యమైన మాట: బొంత మొత్తాన్ని జరీ దారంతో కుట్టవద్దు. పొరలను పట్టి ఉంచే కుట్టంతా మామూలు పాలిస్టర్ దారంతో ముందు పూర్తి చేసి, చూపు నిలవవలసిన చోట్ల మాత్రమే జరీ గీతలు వేయండి. బలానికి ఒక దారం, అందానికి ఒక దారం. జరీ లోపలి పోగు ఎంత మంచిదైనా, మంచం మీద రోజూ లాగుడుకు గురయ్యే గుడ్డను అది ఏళ్ల తరబడి మోయలేదు. పైగా బొంత నిండా జరీ ఉంటే ఏదీ మెరిసినట్టు అనిపించదు. నా సలహా అడిగితే, జరీ గీతలను మీ మంగళగిరి ముక్కల మీద వేయండి: ఒంటిరంగు, పువ్వులు లేని, గట్టి నేత గుడ్డ మీద జరీ గీత ఒక్కటి నడిచినా తేటగా కనిపిస్తుంది. పట్టు ముక్కలలో ఇప్పటికే జరీ బుటాలు ఉంటాయి కాబట్టి అక్కడ కొత్త జరీ కలిసిపోతుంది.

గీతల రూపం కూడా దారం ఇష్టప్రకారమే ఉండాలి. నిలువు గీతలకు, పెద్ద వంపులకు వాకింగ్ ఫుట్ తగిలించుకుని కుట్టండి. పై గుడ్డ, అడుగు గుడ్డ సమానంగా కదులుతాయి. గుడ్డను చేతులతో ఇష్టమొచ్చిన వైపు తిప్పుతూ కుట్టే పద్ధతిలో, అంటే ఫీడ్ డాగ్ (అడుగు నుంచి గుడ్డను నడిపే పళ్లు) దించి డార్నింగ్ ఫుట్‌తో కుట్టేటప్పుడు, సూది మీదకు దారం అన్ని దిక్కుల నుంచీ వస్తుంది. వెనక్కి, పక్కకు పోయే చోట్ల జరీ తెగడం ఎక్కువ. తీగలు, మామిడి పిందెలు వేయాలనుకుంటే వంపులు విశాలంగా ఉంచండి, కొసలు సూదిగా కాకుండా గుండ్రంగా తిప్పండి, ఒకే గీత మీద రెండవసారి పోవద్దు. మొదట్లోనూ చివరలోనూ రివర్స్ కుట్టు వేయవద్దు. జానెడు దారం వదిలి, అడుగు దారాన్ని పట్టి లాగి పై దారాన్ని అడుగు వైపుకు తెచ్చి, రెండింటినీ ముడివేసి, చేతి సూదితో కొసలను పొరల మధ్యకు దూర్చాలి. విసుగు పని, కానీ రివర్స్ కుట్టు వేసిన చోట జరీ పొర చిట్లి ముందుగా ఊడేది అక్కడే.

మీ పాత పట్టుచీరల అంచుల విషయంలో జాగ్రత్త అవసరం. అసలు జరీ అంచులో ఉన్నది లోహపు తీగ. దాని మీదుగా కుడితే సూది మొన మొద్దుబారి, ఆ తరువాతి గుడ్డలో దారం తెగుతుంది. అంచులో తీగలు కూడా తెగి ముళ్లలాగా లేస్తాయి. అంచు పక్కన, గుడ్డ మొదలయ్యే చోట గీత నడపండి. పట్టు మడతల వెంట చీకిపోయి ఉంటే వెనక పల్చని ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే జిగురు గుడ్డ) అంటించుకోవచ్చు, అయితే దాని జిగురు సూదికి పట్టుకుంటుంది. నాలుగైదు గీతలకు ఒకసారి సూదిని స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. జారుడు కోసం దారానికి కొబ్బరినూనె గాని మిషను నూనె గాని రాయమని ఎవరైనా చెబితే వినవద్దు. పట్టు మీద ఆ మరక పోదు.

ఇక మీ దగ్గర మిగిలిన మగ్గం జరీ దారం. దానిని బాబిన్‌కు చుట్టి, బొంతను బోర్లా వేసి, అడుగు గుడ్డ వైపు నుంచి కుట్టండి. బాబిన్ దారం సూది బెజ్జంలోకి అసలు వెళ్లదు, బాబిన్ కేసు రేకు కింద నుంచి ఒక్కసారే జారి నేరుగా గుడ్డలో కూర్చుంటుంది. సూదిలో జానెడు కూడా నిలవని దారం ఇక్కడ మొత్తం బాబిన్ అయిపోయే దాకా నడుస్తుంది. బాబిన్‌ను చేత్తోనో, మిషను మీద నిదానంగానో, మరీ బిగువు లేకుండా చుట్టాలి. కేసు పక్కన ఉన్న చిన్న మరను కొద్దిగా వదులు చేయాలి, దారం చేత్తో లాగితే కొంచెం బిగువుతో సాఫీగా రావాలి. దీనికోసం రెండవ బాబిన్ కేసు కొనుక్కుని, కలిసిపోకుండా దాని మీద గోళ్ల రంగుతో గుర్తు పెట్టుకోండి. రోజువారీ కేసు మరను కదిలిస్తే మళ్లీ పాత కుట్టు రావడానికి తంటాలు పడాలి. మర తిప్పేటప్పుడు కింద పళ్లెం పెట్టుకోండి, అది ఊడి పడితే కనిపించేంత పెద్దది కాదు. సూదిలో బంగారు రంగుకు దగ్గరగా ఉన్న పాలిస్టర్ దారం వేసి, టెన్షన్ మామూలుగా గాని ఒక అంకె ఎక్కువగా గాని ఉంచి, గీతలను అడుగు గుడ్డ మీద గీసుకుని కుట్టాలి. పని అడుగున జరుగుతుంది గనుక కుట్టేటప్పుడు కనిపించదు. మొదట అవే మూడు పొరల చిన్న ముక్క మీద కుట్టి, తిప్పి చూసుకుని, అప్పుడు బొంత ఎత్తుకోండి.

నేతగాళ్ల జరీయే వాడాలని మీకు పట్టుదల ఉంటే దానిని గుడ్డ మీద పరచి, పైనుంచి సన్నని పారదర్శక దారంతో, జరీ మందం కంటే కొంచెమే వెడల్పు గల జిగ్‌జాగ్ కుట్టుతో బిగించవచ్చు. గోడకు వేలాడదీసే దానికైతే ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. మంచం బొంతకు నేను చెప్పను. పైకి తేలి ఉన్న ఆ తీగ మెట్టెలకు, పట్టీలకు, గాజులకు తగులుకుంటుంది. కొత్త పెళ్లికూతురికి ఈ మూడూ ఉంటాయి. ఆ మాటకు వస్తే ఏ పద్ధతిలో కుట్టినా జరీ గీతలను కాళ్ల వైపు మూరెడు మేర వేయకుండా వదిలివేయడం మంచిది.

ఇస్త్రీ వెనక వైపు నుంచి, తక్కువ వేడి మీద, పైన పల్చని గుడ్డ పరచి చేయండి. వేడెక్కిన పెట్టె తగిలితే మెరుపు పొర ముడుచుకుని మసకబారుతుంది. ఉతకడం చల్లని నీటిలో, మెత్తని షాంపూతోనో కుంకుడు రసంతోనో, పిండకుండా. చాకలి సోడా, బ్లీచింగ్ పొడి దగ్గరకు రానీయవద్దు. మిషను జరీలో మెరిసేది అల్యూమినియం, అల్యూమినియాన్ని సోడా వంటి క్షారాలు తినేస్తాయి, రెండు ఉతుకులకే బంగారు గీత తెల్ల గీతగా మిగులుతుంది. ఈ సంగతి బొంతతో పాటు అమ్మాయికి, వాళ్లింట్లో బట్టలు ఉతికే మనిషికి కూడా చెప్పించండి.